రాయచూరు రాతికొండల్లో రెండు రోజులు

మన సంఘ సభ్యుల పిల్లల్లో హిమాలయాలకు పోయివచ్చేవారి సంఖ్య యేటేటా పెరుగుతున్నది. సంతోషమే. వెంట దారి చూపే మనిషి వుంటాడు, గుడారం వుంటుంది, తిన్న పండ్ల తొక్కలు కూడా సంచీలో వేసుకుని కిందికి తేవాలనే నియమం వుంటుంది. గంగోత్రి పైన గోముఖానికి రోజుకు 150 మందిని మించి పోనివ్వరు. గంగ పుట్టే ఆ మంచుగడ్డ యేటికేడు వెనక్కి తగ్గిపోతున్నది గనుక ఆ కట్టడి న్యాయమైనదే. అయితే అంతదూరం పోలేనివారి సంగతేమిటి? డబ్బు చాలనివారు, మోకాళ్లు మొరాయించేవారు, రెండు రోజులకు మించి సెలవు దొరకనివారు యింట్లో కూర్చోవలసిందేనా? ఈ ప్రశ్న మీదనే పోయిన పుష్యమాసంలో మేము పదకొండుగురము రాయచూరు వెళ్లాము. మాలో ముగ్గురు అరవై దాటినవారు, యిద్దరు హైస్కూలు పిల్లలు.

రాయచూరు పేరు వినగానే యెండలు గుర్తుకు వస్తాయి. అందుకే కార్తీకం నుంచి మాఘం వరకే అక్కడ నడక. కృష్ణా తుంగభద్రల మధ్య వున్న యీ అంతర్వేది కోసం జరిగిన యుద్ధాలకు లెక్కలేదు. 1520లో కృష్ణదేవరాయలు యిస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరు కోట తీసుకున్న సంగతి మనకందరకూ తెలిసినదే. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలుదారి, మద్రాసు నుంచి వచ్చిన రైలుదారి కలుసుకున్నది కూడా యిక్కడే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో వుండి తరువాత మైసూరులో కలిసింది. బజారులో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినబడతాయి. కూరగాయల బేరంలో ఒకే వాక్యంలో మూడూ వినబడడం కూడా కద్దు.

మొదటి రోజు కోట. పడమటి గోడలో సుమారు 41 అడుగుల పొడవైన ఒకే రాయి వున్నది. దానిమీద తెలుగు శాసనం. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో, 1294లో, గోన విఠలనాథుడు యీ కోట కట్టించిన సంగతి అందులోనిది. ఊళ్లో చాలామంది రుద్రమదేవి కట్టించిందంటారు గాని, ఆమె 1289లోనే కాలం చేసినట్లు నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల తెలుస్తున్నది. రాతిమీద అక్షరాలతోపాటు ఒక బొమ్మ కూడా చెక్కారు: ఆ రాతిని బండిమీద కట్టి దున్నపోతులచేత లాగిస్తున్న దృశ్యం. రాజు బొమ్మ చెక్కించుకోవలసిన చోట మోసిన జంతువుల బొమ్మ చెక్కించిన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. మా పిల్లలిద్దరూ ఆ పాత లిపిలో ఒక్కొక్క అక్షరమే పోల్చుకుంటూ అరగంట కదలలేదు. కొంత దూరంలో బొగ్గుతోనూ మేకుతోనూ గీసిన నేటి పేర్లు కూడా వున్నాయి. వాటిని చదవడానికి అంత శ్రమ అక్కరలేదు.

పైనున్న బాలాహిసారు సుమారు 290 అడుగుల యెత్తు. హిమాలయం చూచినవారు నవ్వుతారు. కాని నున్నటి బండమీద యెండపొద్దున యెక్కి చూడండి, నవ్వు తగ్గుతుంది. అక్కడ గుండుమీద గుండు నిలబడి వున్న తీరు చూచి, యింతకుముందు లడఖ్ పోయివచ్చిన కుర్రవాడొకడు, వీటిని మంచునది తెచ్చి పడేసిందా అని అడిగాడు. ప్రశ్న మంచిదే. మంచుకొండల్లో నేలమీద అడ్డదిడ్డంగా పడివుండే గుండ్లు చాలావరకు మంచుగడ్డ మోసుకొచ్చినవే. ఇక్కడివి అలా కాదు. ఎక్కడ పుట్టినవి అక్కడే వున్నాయి. భూమిలోపల వుండగానే రాతి పగుళ్ల వెంట నీరు దిగి అంచులను మెత్తబరచి మట్టి చేసింది. తరువాత పైమట్టి వానలకు కొట్టుకుపోగా లోపలి గట్టి గుండ్లు బయటపడి నిలిచాయి. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల సంవత్సరాలు. యీ రాతినేల వయస్సు సుమారు 250 కోట్లు. అంటే వయస్సులో తాతా మనవల కంటె యెక్కువ దూరమే. పోతే, మంచునదులు మనవైపు అసలు లేకపోలేదు. సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట మన దేశం దక్షిణధ్రువానికి దగ్గరగా వున్నప్పుడు యిక్కడ మంచు పరుచుకొని వుండేది. ఆ మంచు వదిలిపోయిన తాల్చేరు పొరలు యిప్పటికీ గోదావరి లోయలో కనిపిస్తాయి.

ఈ బండలను చిన్నచూపు చూడరాదనడానికి యింకొక సాక్ష్యం మన ఆడపిల్లే. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న యెవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం వైపు పిల్లవాడు ఆనంద్‌కుమార్ కూడా ఆమెతోపాటు చేరాడు. వారు రాయి పట్టడం నేర్చుకున్నది యెక్కడ? భువనగిరి బండమీద. ఆ బండకూ యీ బండలకూ జాతి ఒకటే.

రెండో రోజు మస్కి. బస్సులో రెండు గంటలు దాటింది. అక్కడ మాకు దారి చూపినవాడు ఆ ఊరి పెద్దమనిషి, చిన్నప్పటినుంచి ఆ కొండమీద గొర్రెలు కాచినవాడు. మా పిల్లలు వెంటనే 'తాతా' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన మా ఆడవారిని 'అక్కా' అంటూ, బండ జారే ప్రతి చోటా 'నిదాన, నిదాన' అని హెచ్చరిస్తూ ముందు నడిచాడు. ఆయన పెట్టిన షరతులు మా షరతులకంటె గట్టివి. బీడీ కాల్చరాదు, అత్తరు పూసుకోరాదు, కేకలు వేయరాదు. ఎందుకంటే పైన చరియలకు తేనెపట్లు వున్నాయి. పొగకూ వాసనకూ అవి లేచాయంటే పరుగెత్తడానికి బండమీద చోటు లేదు. నీళ్లు యింటినుంచి తెచ్చుకున్న స్టీలు సీసాల్లోనే. మధ్యాహ్నం జొన్నరొట్టె, గుత్తివంకాయ, వేరుసెనగ చట్నీ, మోదుగాకుల విస్తళ్లలో ఆయన యింటివారే పెట్టారు. తిన్న ఆకులు గొర్రెలకు పోయాయి. ఇంతకంటె శుభ్రమైన భోజనం నేను యే పెద్ద హోటలులోనూ చేయలేదు.

మస్కి శాసనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో చదివాడు. దేశమంతటా వున్న శాసనాల్లో 'దేవానాంప్రియుడు', 'ప్రియదర్శి' అనే బిరుదులే కనిపించాయి. సింహళ గ్రంథాల ఆధారంతో ఆ ప్రియదర్శి అశోకుడే అయివుండాలని పండితులు నిర్ణయించారు. రాతిమీద ఆ పేరు మాత్రం దొరకలేదు. 1915లో బీడన్ అనే గనుల యింజనీరు బంగారం జాడ వెతుకుతూ యీ కొండకు వచ్చి గుహలాంటి చోట బండమీద అక్షరాలు చూచాడు. అందులో 'అశోక' అని స్పష్టంగా వున్నది! బంగారం కోసం వచ్చినవాడికి చక్రవర్తి పేరు దొరికింది. బంగారం కూడా దగ్గరలోనే వున్నది లెండి, హట్టిలో. అక్కడి గని యిప్పటికీ పనిచేస్తున్నది. శాసనంలోని సారాంశం కూడా మాకు చెప్పుకోదగినదిగా తోచింది: ధర్మాచరణ వల్ల పొందే మేలు గొప్పవారికే గాక అల్పులకు కూడా అందుతుందని, ఆ మాట యిరువురికీ చెప్పాలని రాజు ఆజ్ఞ. తాత ఆ లిపి చదవలేడు. కాని అందులో యేమున్నదో పొల్లుపోకుండా చెప్పాడు. యెవరో ఉపాధ్యాయుడు చెప్పగా విన్నాడట.

దిగేటప్పుడు ఆయన తన కొడుకు సంగతి చెప్పాడు. కుర్రవాడు రాతిగనిలో కూలికి పోతున్నాడు. ఇల్కల్ ఎర్రరాయి మన యిళ్ల నేలల్లో, గుళ్ల మెట్లలో యెంతగా వాడతామో అందరికీ తెలుసు. ఆ ప్రాంతంలో కొండ అంటే రాయి, రాయి అంటే కూలి. 'కొండ చూడవచ్చేవారు సంక్రాంతి ముందూ వెనకా నాలుగు వారాలు వస్తారు, గని యేడాది పొడుగునా పిలుస్తుంది' అన్నాడాయన. మాలో ఒకరు కొండల్ని పగలగొట్టడం పాపమన్నారు. తాత జవాబు చెప్పలేదు. నేనైతే ఆ మాట యెవరి యింటి గచ్చుమీద నిలబడి అంటున్నామో చూచుకుని అనాలంటాను. గనిలో ఒకరోజు కూలికి తక్కువ కాకుండా దారి చూపినవారికి యివ్వాలని మేము బయలుదేరక ముందే నియమం పెట్టుకున్నాము. భోజనం ఖర్చు వేరు. కిందికి వచ్చాక, వచ్చే యేడు మా జట్టుకు దారి చూపడానికి కొడుకును కూడా పిలుస్తామని, తేదీలు మూడు నెలల ముందే కబురు చేస్తామని చెప్పాము. తేదీ ముందుగా తెలిస్తే గని మేస్త్రీకి చెప్పుకోవచ్చునట. ముఖ్యమైన యిబ్బంది అదే.

ముద్గల్ కోట, లింగసుగూరు వైపు కృష్ణ పాయల నడుమ వున్న జలదుర్గం వచ్చే పుష్యానికి మిగిలాయి. రావాలనుకున్నవారు విజయదశమి లోపల సంఘం కార్యాలయంలో పేరు రాయించవలెను. జట్టుకు పన్నెండుగురు, అంతకు మించితే రెండు జట్లు. అరిగిన అడుగుల చెప్పులు పనికిరావు, కొత్త బూట్లు అసలే పనికిరావు. నెల రోజులు తొడిగి అలవాటైనవి తెచ్చుకోండి.