నొప్పి తగ్గాక మిగిలిన పని

రూట్ కెనాల్ అయ్యాక నేను చేసిన పొరపాటు ఒక్కటే. నొప్పి పోయింది కాబట్టి వైద్యం కూడా అయిపోయిందనుకున్నాను.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. కింది దవడ పన్ను లోపలిదాకా పుచ్చిపోతే ఎండోడాంటిస్టు దగ్గర రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఆయన తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి, "ఆలస్యం చెయ్యకుండా మీ డెంటిస్టు దగ్గర క్యాప్ వేయించుకోండి, లేకపోతే ఈ పన్ను నిలవదు" అని స్పష్టంగానే చెప్పారు. నేను మాత్రం ఇన్సూరెన్స్ లెక్క వేసుకున్నాను. ఇక్కడ చాలా డెంటల్ ప్లాన్లు ఏడాదికి వెయ్యి, పదిహేను వందల డాలర్లకు మించి ఇవ్వవు. నా పరిమితి రూట్ కెనాల్‌తోనే అయిపోయింది. క్యాప్‌కు మళ్ళీ అంత కావాలి. జనవరి వస్తే కొత్త పరిమితి వస్తుంది, లేదా ఇండియా వెళ్ళినప్పుడు విజయవాడలో తక్కువలో అయిపోతుంది అనుకున్నాను. ఇక్కడి మనవాళ్ళు చాలామంది వేసుకునే లెక్కే ఇది. జనవరి వచ్చింది, వెళ్ళింది. ప్రయాణం వాయిదా పడింది. నొప్పి లేదు కదా, ఆ వైపే నములుతూ గడిపేశాను.

ఒక సాయంత్రం జంతిక కొరికితే పన్ను టక్కున విరిగింది. పగులు చిగురు దాటి వేరులోకి దిగిందని, పీకేయడం తప్ప దారి లేదని డెంటిస్టు చెప్పారు. ఇంప్లాంట్‌కు అయిన ఖర్చు, నేను మిగుల్చుకుందామనుకున్న దానికి మూడింతలు. డబ్బు కంటే, నిలబడగలిగిన పన్నును పోగొట్టుకున్నానన్న బాధే ఎక్కువ.

ఆ తర్వాతే దీని గురించి చదివాను. నరం తీస్తే పన్ను ఎండిపోయి పెళుసుబారుతుందని మనం అనుకుంటాం. 1989లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు పీకిన పళ్ళ మీద కొలిచి చూశారు. రూట్ కెనాల్ పని వల్ల పన్ను గట్టిదనం తగ్గింది 5 శాతమే. అదే పన్ను నమిలే పైభాగంతో పాటు ముందూ వెనకా అంచులు కూడా పోయేలా తొలిస్తే 63 శాతం తగ్గింది. అంటే పన్నును బలహీనపరిచేది నరం లేకపోవడం కాదు, గోడలు పోవడం. పుచ్చు తిన్నదీ, దాన్ని తీయడానికి తొలిచిందీ కలిసి నా పన్నుకు పలచని గోడలే మిగిల్చాయి. నమిలిన ప్రతిసారీ అవి పక్కలకు విచ్చుకుంటాయి. పీపాకు బిగించిన ఇనప కట్టులాగా క్యాప్ ఆ గోడలను చుట్టూ పట్టి ఉంచుతుంది. ఆ పట్టు దొరకాలంటే చిగురు పైన చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల ఎత్తున మంచి పన్ను మిగిలి ఉండాలి. వేరులో దించే పోస్టు పన్నుకు బలమిస్తుందని చాలామంది నమ్ముతారు. అది పైన కట్టిన ఫిల్లింగ్ ఊడకుండా పట్టుకోవడానికే. దానికోసం వేరును ఎక్కువగా తొలిస్తే ఇంకా నష్టం.

2004లో అమెరికా ఇన్సూరెన్స్ రికార్డుల్లోంచి 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ పళ్ళను పరిశీలిస్తే, ఎనిమిదేళ్ళ తర్వాత 97 శాతం నోట్లోనే ఉన్నాయి. పీకేయాల్సి వచ్చిన వాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. నా పన్ను కూడా ఆ జాతిదే. పైగా తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాల కోసం పెట్టేది. అది అరిగితే లాలాజలంతో పాటు సూక్ష్మజీవులు లోపలికి దిగి, శుభ్రం చేసిన కాలువలు మళ్ళీ పాడవుతాయి.

అన్ని పళ్ళకూ క్యాప్ అక్కర్లేదు. ముందు పన్నుకు చిన్న రంధ్రమే పడితే మంచి ఫిల్లింగ్ చాలొచ్చు. దవడ పళ్ళ సంగతి వేరు.

కుర్చీలో కూర్చోకముందే రూట్ కెనాల్‌కూ, ఫిల్లింగ్‌కూ, క్యాప్‌కూ కలిపి ఖర్చు అడగండి. తొందర లేని కేసైతే, నరం పని డిసెంబరులో, క్యాప్ జనవరిలో పడేలా డాక్టరుతో మాట్లాడితే రెండేళ్ళ పరిమితులూ వాడుకోవచ్చు. డబ్బు కష్టమైతే డెంటల్ కాలేజీలున్నాయి. డాలస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ళది ఉంది, అక్కడ అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ ఫీజుకు చేస్తారు. అదీ కుదరకపోతే, పన్ను మొనలను కప్పేలా శాశ్వత ఫిల్లింగ్ అయినా పెట్టమని అడగండి, క్యాప్ పడేదాకా ఆ వైపు గట్టివి నమలకండి. రూట్ కెనాల్ చేయించుకుని ఇంకా తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే తిరుగుతున్నవాళ్ళు దయచేసి ఈ వారమే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.