అమ్మీ దగ్గర అమానత్

ఉర్దూ మీడియంలో 'కష్తీ' అని చదువుకున్నానే గానీ, మా సిరిసిల్లలో కష్తీలెక్కడివి? మానేరంటే ఇసుకే. 2019లో కాళేశ్వరం నీళ్లు మిడ్ మానేరుకొచ్చాక, బ్యాక్ వాటర్ ఊరి అంచుదాకా పాకింది. అప్పుడు కళ్లబడ్డాయి తెప్పలు. థర్మోకోల్ దిమ్మల్ని యూరియా సంచుల్లో కుట్టి తాడుతో బిగిస్తారు. ఒక్కడే నెత్తిన పెట్టుకుని పోవచ్చు. గరీబోళ్ల కయాక్ అనుకోండి.

చేపలు పట్టే పక్కింటి అన్న తన తెప్పను మా దాలాన్‌లో పెడతాడు, వాళ్లిల్లు ఇరుకు. అమ్మీకి అది అమానత్. ఎండ తగిలితే సంచి పెళుసుబారి చిరుగుతుంది. నేల మీద ఉంచితే ఎలుకలు థర్మోకోల్ కొరుకుతాయి. అందుకే నీడన, ఇటుకల మీద నిలబెట్టిస్తుంది. తాళ్ల ముళ్లు కూడా తనే తడిమి చూస్తుంది.

నిరుడు ముసుర్లో ఈదురుగాలి. అన్న ఫజర్‌కే వచ్చి దర్వాజా కొట్టాడు. ఒంటిమీద లైఫ్ జాకెట్ లేదు.

"నక్కో జావ్ రే, గాలి చూడు" అంది అమ్మీ.

"రోజు కూలి పోతదమ్మా!"

అడిగినప్పుడు తిరిగివ్వడమే కదా అమానత్ అన్నాను నేను. అమ్మీ జవాబివ్వలేదు. దాలాన్‌కు తాళం వేసి, ఇద్దరికీ చాయ్ పెట్టడానికి లోపలికెళ్లింది.