ఏరు తాగిన పిల్ల

నేను గోడపత్రికలో రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే పెన్సిల్‌తో దిద్దండి, నవ్వకండి. ఆ నవ్వు సంగతే ముందు చెప్తాను.

ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చినప్పుడు నాకు తెలుగు సరిగా రాదు. మాది గోండుల గూడెం. ఇంట్లో గోండి మాట్లాడతాం. అమ్మకు, నాయనకు చదువు రాదు. మా ఇంట్లో పెన్ను పట్టింది నేనే మొదలు. ఒకరోజు "పొద్దున లేచి ఏమేం చేశావు" అని పది వాక్యాలు రాయమన్నారు. నేను "ముఖం కడిగి ఏరు తాగాను" అని రాశాను. గోండిలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు అని నాకేం తెలుసు? క్లాసంతా నవ్వింది. "ఏరంతా తాగినవా? మాకేమన్న మిగిలిచ్చినవా?" అన్నారు. భోజనాల లైన్‌లో కూడా "ఏరు తాగిన పిల్ల వచ్చింది, జరగండి" అనేవాళ్లు.

అప్పటి నుంచి క్లాసులో నోరు తెరవలేదు. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తలేదు. తెలుగులో పాసు మార్కులు కూడా కష్టంగా వచ్చేవి. పోయిన సంవత్సరం దసరా సెలవులకు పోయి, ఇక హాస్టల్‌కు పోనని ఏడ్చాను. మా అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "బస్సు మీద పేరు చదవరాక నేను ఎన్నిసార్లు వేరే బస్సు ఎక్కిన్నో నీకు తెల్వదు" అన్నది. అంతే. మూట సర్దుకుని వచ్చాను.

ఈ సంవత్సరం తెలుగు సారు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఐదుగురు ఒక గ్రూపు. ఒక్కో గ్రూపు ఒక సినిమా పాట తీసుకోవాలి. "సినిమా పాటలకు హాస్టల్ ఎందుకు?" అని మేము కూడా అనుకున్నాం. కాని పని చూస్తే తెలిసింది. మొదటిసారి కళ్లు మూసుకుని వినాలి. రెండోసారి విన్నది విన్నట్టు రాయాలి. అర్థం కాని చోట ఖాళీ వదలాలి. తర్వాత నిఘంటువు చూసి ఖాళీలు నింపాలి. పాటను సొంత మాటల్లో వచనంగా రాయాలి. అంత్యప్రాస ఎక్కడుందో గీత గీయాలి. చివర మన చరణం మనమే కట్టాలి.

పక్క గ్రూపు 2023లో ఆస్కార్ గెలిచిన "నాటు నాటు" తీసుకుంది. అది చంద్రబోస్ గారు రాసిన పాట. ఆ ఒక్క మాట మీదనే సారు ఒక పీరియడ్ చెప్పారు. పొలంలో నాటు వేస్తాం. ఇంట్లో నాటుకోడి. ఊళ్లో నాటువైద్యం. మంచిమాట మనసులో నాటుకుంటుంది. ఒక మాటకు ఇన్ని కొమ్మలుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

మా గ్రూపు అదే సినిమాలోని "కొమురం భీముడో" తీసుకుంది. సుద్దాల అశోక్ తేజ గారు రాశారు. కీరవాణి గారు సంగీతం. పాడిన కాలభైరవ గారికి 2023లో ప్రకటించిన జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ గాయకుడి అవార్డు వచ్చింది. మొదటి మాటకే మాకు కొట్లాట. కొమురం అని ఒకరు, కొమరం అని ఒకరు, కుమ్రం అని నేను. అన్ని రాతలూ వాడుకలో ఉన్నాయని సారు చెప్పారు. "భీముడో" చివర ఓ ఎందుకుందని అడిగారు. దూరంగా ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు గొంతు అట్లనే సాగుతుంది కదా! అది సంబోధన. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది పాటలో ఎక్కింది. సినిమాకూ చరిత్రకూ తేడా కూడా రాయమన్నారు. భీం నిజాం పోలీసులతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. అల్లూరి సీతారామరాజు 1924లోనే చనిపోయాడు. వాళ్లు స్నేహితులైంది సినిమాలోనే.

చరణం కట్టేటప్పుడు అసలు సంగతి జరిగింది. ఒక్కొక్కరం ఇంటి భాష నుంచి ఒక మాట తేవాలని సారు అన్నారు. నేను ఊరుకున్నాను. అప్పుడు మా గ్రూపులో ఉన్న కొలాం అమ్మాయి, ఆరో తరగతిలో అందరికంటే ముందు నవ్విన అమ్మాయే, మెల్లగా "మా భాషలో నీళ్లను ఈర్ అంటాం" అన్నది. నాకు కోపం వచ్చింది. "మరి ఆ రోజు ఎందుకు నవ్వినవ్?" అన్నాను. "నేను ముందు నవ్వకపోతే నన్ను చూసి నవ్వుతరని భయమైంది" అని ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది.

సారు బోర్డు మీద రాశారు. తెలుగు రెండు, మూడు, నాలుగు. గోండి రండ్, మూండ్, నాలుంగ్. "ఇవి ఒక తల్లి పిల్లలు. ఏరు అనే మాట ఒక ఇంట్లో వాగైంది, ఒక ఇంట్లో నీళ్లైంది. నువ్వు రాసింది తప్పు కాదు, పక్కింటి మాట" అన్నారు. ఆ మాట మూడేళ్ల ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మేము కట్టిన చరణం ఇది:

గోండోళ్ల ఏరైనా, కొలామోళ్ల ఈరైనా,
తండాల పాణైనా, బడిలోని నీరైనా,
బిందెలో పోసినంక పేరెందుకమ్మా,
అడిగినోళ్ల దోసిట్లో పొయ్యవే అమ్మా.

శనివారం ప్రార్థనలో పాడాం. నేను కూడా గొంతెత్తి పాడాను.

దీపావళికి ఇంటికి పోయి, మా తాతను దండారి పాటలు పాడమని కూర్చున్నాను. ఆరు పాటలు పాడాడు. తెలుగు అక్షరాలతోనే రాశాను. గోండిలో చాలా మాటలు పొల్లుతో ఆగుతాయి, చెయ్యి నొచ్చింది. మరునాడు చదివి వినిపించాను. తాత కళ్లు మూసుకుని విని "ఇక్కడ ఒకటి పోయింది" అన్నాడు. చూస్తే నిజంగానే ఒక వరుస వదిలేశాను. చదువు రాని తాత నా నోట్సు దిద్దాడు!

నార్నూర్ మండలం గుంజాల ఊరిలో పాత చేతిరాత పుస్తకాల్లో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరిందని సారు చెప్పారు. అది కూడా నేర్చుకోవాలని ఉంది.

అక్కలారా, చెల్లెలారా, సంక్రాంతి సెలవుల్లో మీ ఇంటి పాట ఒక్కటి రాసుకుని రండి. తాతలు, అవ్వలు ఉన్నప్పుడే అడగాలి. వార్డెన్ మేడం గారూ, ఆదివారం సాయంత్రం అరగంట పాడుకోనివ్వండి. స్టడీ అవర్ చెడగొట్టం.

ఇప్పుడు ఎవరైనా "ఏరు తాగిన పిల్ల" అంటే "అవును, నువ్వు కూడా తాగు, చల్లగుంటది" అంటున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని