నాలుగు చక్రాలు, నాలుగు అంకెలు

దసరా సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉండేది. దాని పేరు "నాన్న కారు ఫైనల్ 3". ఫైనల్ 1, ఫైనల్ 2 ఏమయ్యాయని అడక్కండి. మన మినీ ప్రాజెక్ట్ రిపోర్టులు ఏమవుతాయో అవీ అవే అయ్యాయి.

మాది చోడవరం. నాన్న టీచరు. బడి మాత్రం పాడేరు దాటి ఇంకా లోపలికి, ఏజెన్సీలో. సోమవారం తెల్లవారుజామున బయల్దేరి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కుతారు, శనివారం సాయంత్రం దిగుతారు. పదకొండేళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. వెనక సీట్లో ఎప్పుడూ ఇద్దరు తోటి టీచర్లు. పెట్రోలు తలా కొంచెం వేసుకుంటారు.

ఆగస్టులో ఒక శనివారం ఘాట్ దిగుతుండగా వాన. పెద్ద వాన కూడా కాదట, ముసురు. ఒక మలుపు దగ్గర కారు తిరగలేదు. నేరుగా వెళ్లి పిట్టగోడకి తగిలింది. ఆ పిట్టగోడ లేకపోతే ఏమయ్యేదో రాయడం నాకిష్టం లేదు, మీకు తెలుసు. నాన్న ఎడమ మణికట్టు విరిగింది. వెనక కూర్చున్న తెలుగు టీచరుగారికి నుదుటి మీద ఐదు కుట్లు పడ్డాయి. ఫోన్‌లో నాన్న అన్నమాట ఒక్కటే: "స్టీరింగ్ తిప్పానురా, కారు మాత్రం తిరగలేదు. ముప్ఫై కూడా దాటలేదు."

థర్డ్ ఇయర్ మెకానికల్ చదివే కొడుకు ఈ మాట వింటే ఏం చేస్తాడు? వెంటనే "అండర్ స్టీర్" అన్నాడు. తర్వాత "ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, అందుకే" అన్నాడు. ఆ తర్వాత "మనకి ఆల్ వీల్ డ్రైవ్ కావాలి" అన్నాడు. ఈ మూడు మాటల్లో మొదటిది మాత్రమే నిజం. అది తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మణికట్టు కట్టు విప్పాక నాన్న సరే అన్నారు. బడ్జెట్ ఆరు లక్షలు. అందులో సగం పీఎఫ్ లోను. వెతికి పెట్టే పని నాది.

షీట్‌లో మొదటి వరసలో జిమ్నీ రాశాను. హాస్టల్లో మా వాళ్లందరికీ అదంటే పిచ్చి. అది 2023లో వచ్చింది, మా బడ్జెట్‌కి ఎలాగూ అందదు. కానీ దాని గురించి చదువుతుంటేనే నాకొక విషయం అర్థమైంది. నాలుగు చక్రాలూ తిరుగుతాయన్న బండ్లన్నీ ఒకటి కావు. జిమ్నీ, థార్ లాంటివి పార్ట్ టైమ్. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. లివర్ వేస్తేనే ముందు చక్రాలు కలుస్తాయి. కలిశాక ముందూ వెనకా షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి కదా, ఆ తేడా ఎక్కడికి పోవాలి? బురదలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. గట్టి తారురోడ్డు మీద సర్దుకోదు, గేర్లు బిగుసుకుంటాయి. అందుకే ఫోర్ వీల్ వేసుకుని పొడి తారురోడ్డు మీద తిరగొద్దని ఆ బండ్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. మా నాన్న దారి చూస్తే ఒక మలుపు తడి, ఇంకో మలుపు పొడి. ప్రతి మలుపుకీ లివర్ వేసి తీసే మనిషి కాదాయన. ఇండికేటర్ వేయడమే గొప్ప.

అంటే మాకు కావాల్సింది తనంతట తాను చూసుకునే రకం. గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ అలాంటిదే. కాస్త చూసి, ధర చూసి, ఆ వరసకి ఎర్ర రంగు వేసేశాను. మిగిలింది పాత డస్టర్ ఏడబ్ల్యూడీ. 2014లో మన దేశంలోకి వచ్చింది, 1.5 లీటర్ల డీజిల్, 110 పీఎస్, ఆరు గేర్లు. గేర్ రాడ్ కింద ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది: టూ వీల్, ఆటో, లాక్. ఆటోలో పెడితే మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారాయని తెలియగానే వెనక ఇరుసు దగ్గరున్న విద్యుదయస్కాంత క్లచ్ బిగుసుకుని వెనక చక్రాలకీ శక్తి పంపిస్తుంది. పైగా వెనక సస్పెన్షన్ మామూలు డస్టర్లో ఉండే బీమ్ కాదు, మల్టీ లింక్. నా షీట్‌లో ఆ గడి మొత్తం పచ్చరంగు.

విశాఖలో ఒకాయన దగ్గర 2016 బండి దొరికింది. తిరిగింది తక్కువే. మావయ్య తనకి తెలిసిన మెకానిక్‌ని అనకాపల్లి నుంచి తీసుకొచ్చారు. ఆయనకి అరవై ఏళ్లుంటాయి. నేను బానెట్ తెరిచి పెట్టాను, ఫోన్లో చెక్‌లిస్ట్ తెరిచి పెట్టాను. ఆయన బానెట్ వైపు చూడనే లేదు. ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని గోరుతో నొక్కారు.

"గాడి బాగానే ఉంది కదండీ" అన్నాను. నిజంగానే బాగుంది. గాడుల మధ్య చిన్న గట్లుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు, టైరు అరిగి వాటితో సమానమైతే మార్చేయాలని గుర్తు. ఇవి ఆ గట్లకి ఇంకా చాలా పైనున్నాయి.

"గాడుంది బాబూ. పట్టు లేదు. గోరు దిగుతాదేటి సూడు" అన్నారు. దిగలేదు. చెప్పుల అట్టలా ఉంది. తర్వాత టైరు పక్కన ఒక చిన్న గడిలో ఉన్న నాలుగంకెలు చూపించారు: 0616. "ఇది పుట్టిన రోజు. పదారో సమ్మచ్చరం ఆరో వారం. నువ్వు ఇంజనీరింగు సదువుతున్నావు కదా, ఇదేటో తెలీదా?"

తెలీదు. ఆరు సెమిస్టర్లలో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుందని మెటీరియల్స్ సబ్జెక్టులో రెండు మార్కుల ప్రశ్నకి రాశాను మాత్రం. గాలిలో ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. గట్టిపడ్డ రబ్బరు రోడ్డు మీద ఉండే సన్నటి గరుకులోకి దిగదు. పొడి రోడ్డు మీద ఆ తేడా పెద్దగా తెలియదు, తడి మీద తెలుస్తుంది. ఐదారేళ్ల నుంచి ఏటా చూపించుకోమనీ, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయమనీ టైర్ల కంపెనీలే చెబుతాయి.

ఆయన చెబుతుంటే నా కడుపులో ఏదో తిరిగింది. కారణం డస్టర్ కాదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక పాత కారు షెడ్‌లో ఉంటే ఫోన్ టార్చ్ వేసుకుని వెళ్లాను. బయటివైపు ఆ అంకెలు లేవు. పూర్తి నంబరు ఒక్కోసారి టైరుకి ఒక పక్కనే ఉంటుంది, అది లోపలివైపుకి వచ్చింది. కింద పడుకుని తల దూర్చి చూశాను. 2213. నాలుగూ అవే. కారుతో పాటు వచ్చిన టైర్లు.

ఇప్పుడు జూన్‌లో జరిగింది చెప్పాలి. సెలవుల్లో ఒకరోజు నాన్న, "టైర్లు మార్చేద్దామనుకుంటున్నానురా, ఏమంటావు?" అని అడిగారు. అప్పటికి నా పాత లాప్‌టాప్ క్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే హెలికాప్టర్ లాగా అరుస్తోంది. నేను ఇంటి ముందుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, గాడిలో వేలు పెట్టి, మంచి ఇంజనీరు మొహం పెట్టి చెప్పాను: "ట్రెడ్ చాలా ఉంది నాన్నా. ఇంకో ఏడాది ఢోకా లేదు." అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసినంత వరకు అది నిజమే. కానీ ఆ డబ్బు దేనికి వాడుకోవచ్చో కూడా నాకు తెలుసు. వారం తర్వాత కొత్త లాప్‌టాప్ వచ్చింది. ఇది దాని మీదే టైప్ చేస్తున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లెక్క వేశాను. ఫస్ట్ ఇయర్ ఫిజిక్సే. మలుపులో కారు జారకుండా తిరగగలిగే వేగం అంటే రాపిడి గుణకం, గురుత్వ త్వరణం, మలుపు వ్యాసార్థం, ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం. మలుపు వ్యాసార్థం 20 మీటర్లు అనుకున్నాను, రోడ్డు వాలు వదిలేశాను. తడి రోడ్డు మీద మంచి టైరుకి గుణకం 0.5 వేసుకుంటే వేగం గంటకి దాదాపు 36 కిలోమీటర్లు వస్తుంది. గట్టిపడ్డ టైరుకి 0.3 వేసుకుంటే దాదాపు 28.

"ముప్ఫై కూడా దాటలేదు" అన్నారు నాన్న.

ఆ గుణకాలు నేను ఊహించుకున్నవే. రోడ్డు మీద ఆకులున్నాయో, లారీ కార్చిన డీజిలుందో ఎవరికి తెలుసు? కోర్టులో నిలబడే లెక్క కాదు. కానీ ఆ సూత్రాన్ని ఎన్నిసార్లు చూసినా ఒక విషయం మారలేదు: అందులో ఇంజను ఎన్ని చక్రాలని తిప్పుతుందో రాసే చోటే లేదు. బ్రేకు దూరానికీ అంతే. వేగం వర్గం, గుణకం, అయిపోయింది. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఘాట్ దిగేటప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద ఉండదు కాబట్టి ఆల్ వీల్ డ్రైవ్‌కి అక్కడ చేసే పని దాదాపు లేదు. దిగేటప్పుడు కాపాడేవి టైరు, ఏబీఎస్, ఈఎస్‌పీ, గేరు. మా పాత కారుకి ఏబీఎస్ లేదు. అన్ని కొత్త కార్లకీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే.

మరి డస్టర్ వద్దా? ఫైనల్ 3 కూడా డిలీట్ చేద్దామనుకున్నాను. పొద్దున నాన్నతో "కొత్త టైర్లు వేస్తే పాత కారే చాలేమో" అని నసిగాను. ఎందుకో చెప్పలేదు. నాన్న నవ్వి, "బడి దారి నువ్వు చూళ్లేదుగా" అన్నారు. తీసుకెళ్లి చూపించారు, బస్సులో.

మెయిన్ రోడ్డు దిగాక రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు. చివర్లో గట్టి ఎత్తు. వానాకాలంలో ఎర్రమట్టి నెయ్యిలా అవుతుంది. జులై నుంచి నవంబరు దాకా కారు కిందే వదిలేసి పుస్తకాల సంచులు మోసుకుంటూ నడుస్తారట. నాన్న ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ నిలబడితే ఆల్ వీల్ డ్రైవ్ దేనికో నాకు అర్థమైంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి వెళుతుంది. ముందు చక్రాలు తేలికై, ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. ఆ క్షణంలో బరువున్న వెనక చక్రాలు కూడా లాగగలిగితే బండి ఎక్కుతుంది. ఎక్కడానికి, కదలడానికి అది. ఆగడానికి, తిరగడానికి కాదు.

చివరికి డస్టరే తీసుకున్నాం. బేరంలో టైర్ల డబ్బు తగ్గించమన్నాను, ఆయన కొంత తగ్గించారు. ఈఎస్‌పీ ఉన్న బండే అవునా అని తాళం తిప్పి, డాష్‌బోర్డ్ మీద ఆ దీపం వెలిగి ఆరడం రెండుసార్లు చూశాను. టైర్ల షాపులో 215/65 ఆర్16, నాలుగూ ఒకేసారి. "ముందువి రెండు చాలు కదా బాబూ" అని షాపువాడు అన్నాడు. ఈ రకం బండికి అలా చాలదు. కొత్త టైరు, అరిగిన టైరు చుట్టుకొలతలు వేరు. ముందూ వెనకా వేరుగా ఉంటే, వెనక ఉన్న ఆ క్లచ్ ఎప్పుడూ ఏదో జారుతోందనుకుని వేడెక్కుతూ ఉంటుంది. నేను ప్రతి టైరూ తిప్పించి అంకెలు చదివాను. షాపువాడు నన్ను చూసిన చూపు వైవాలో ఎక్స్‌టర్నల్ చూసే చూపులా ఉంది.

మొదటిసారి ఘాట్‌కి నేనూ వెళ్లాను. అమ్మవారి పాదాల దగ్గర బండ్లన్నీ ఆగుతాయి కదా, మేమూ ఆగాం. కొబ్బరికాయ కొట్టి వచ్చి బానెట్‌కి ఆనుకుని నిలబడ్డప్పుడు జూన్ సంగతి చెప్పేశాను. ట్రెడ్, లాప్‌టాప్, 2213, అన్నీ. నాన్న కొబ్బరి ముక్క కొరుకుతూ విన్నారు.

"నువ్వు చెప్పావని మానేశాననుకుంటున్నావా? నాకూ అప్పుడు లాప్‌టాపే ముందనిపించింది" అన్నారు. కాసేపాగి, "ఆవిడ నుదుటి మీద గీత మాత్రం పోదురా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నాకున్న భయం వేరు. ఆటోలో పెట్టిన డస్టర్ తడి ఎత్తుని ఏమీ లేనట్టు ఎక్కేస్తుంది. పాత కారైతే ముందు చక్రాలు కీచుమని, రోడ్డు జారుగా ఉందని చెప్పేవి. ఇది చెప్పదు. ఎక్కేటప్పుడు ఇచ్చిన ధైర్యం దిగేటప్పుడు ఉండదని నాన్నకి పదిసార్లు చెప్పాను. రెండో గేర్‌లోనే దిగండి, వానలో పాతిక దాటకండి అని. పదకొండోసారి చెప్పబోతే, "సరే సారూ" అన్నారు.

కార్తీకంలో ఒక సోమవారం నేను ఇంట్లోనే ఉన్నాను. తుపాను ముసురు పట్టింది. తెల్లవారుజామున గేటు ముందు హారన్ వినిపిస్తే లేచి వచ్చాను. ఆగస్టు నుంచి బస్సులోనే వెళుతున్న తెలుగు టీచరుగారు గొడుగు మడుస్తూ కారు పక్కన నిలబడి ఉన్నారు. లోపలికి ఎక్కకుండా నాన్నని అడుగుతున్నారు.

"దీనికి నాలుగు చక్రాలూ తిరుగుతాయట కదండీ?"

"తిరుగుతాయండి. టైర్లు కూడా కొత్తవి" అన్నారు నాన్న.

ఆవిడ ఒకసారి వంగి టైరు వైపు చూసి, వెనక తలుపు తీశారు.