నంబరెంత?

వెయిట్‌లిస్ట్ అని మెయిల్ వచ్చిందనగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "నంబరెంత?"

ఆయనకు తెలిసిన వెయిట్‌లిస్ట్ రైలుదే. డబ్ల్యూఎల్ 5 అంటే ఆశ పెట్టుకోవచ్చు, 90 అంటే బస్సు చూసుకోవాలి. నాకొచ్చిన మెయిల్‌లో అసలు నంబరే లేదు.

2019 మార్చి. బీటెక్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నా. ఎంఎస్ కోసం అమెరికాలో ఆరు యూనివర్సిటీలకు అప్లై చేస్తే మూడు రిజెక్ట్, రెండు అడ్మిట్. మనసు పడ్డదేమో వెయిట్‌లిస్ట్. "వచ్చినట్టా, రానట్టా?" అంది అమ్మ. నాకూ తెలీదు.

మొదటి పది రోజులూ చేసినవన్నీ తప్పులే. నెట్‌లో దొరికిన లెటర్‌లో యూనివర్సిటీ పేరు మార్చి పంపేశా. జవాబు లేదు. రెండ్రోజులకు ఇంకోటి. ఒక ప్రొఫెసర్‌కు విడిగా మరోటి. చివరికి అడ్మిషన్స్ ఆఫీసు నుంచి రెండు లైన్లు వచ్చాయి: లిస్టులో ఉండాలనుకుంటే పోర్టల్‌లో ఫారం నింపండి అని. ఆ సంగతి మొదటి మెయిల్ చివర్లోనే ఉంది! నేనే పూర్తిగా చదవలేదు. గడువు ఇంకా నాలుగు రోజులే. వెంటనే నింపేశా.

అప్పటికే అక్కడ చదువుతున్న మా సీనియర్ అక్క ఫోన్లో విడమరిచి చెప్పింది. "చాలాచోట్ల ఆ లిస్టుకు వరస నంబర్లు ఉండవురా. అడ్మిట్ వచ్చినవాళ్లలో వాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువమంది వద్దంటేనే సీట్లు ఖాళీ. చాలా గ్రాడ్ స్కూల్స్‌లో ఏప్రిల్ 15 లోపు చెప్పాలి కాబట్టి కదలికంతా ఆ తర్వాతే. వాళ్లు చూసేది రెండు. సీటిస్తే వస్తావా? అప్లికేషన్ పెట్టాక కొత్తగా ఏం చేశావు?"

రెండో ప్రశ్నకు మా కన్సల్టెన్సీ దగ్గర జవాబు రెడీగా ఉంది. "ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ పెట్టిద్దాం బ్రదర్, ఎనిమిది వేలు. ఎవరూ చెక్ చేయరు." అబద్ధం ఎందుకు, ఆ రాత్రంతా ఆలోచించా. పొద్దున నాన్నకు చెప్తే ఒకటే మాటన్నాడు. "ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెస్తున్న అప్పురా. దాన్ని దొంగ కాగితం మీద నిలబెడతావా?" నిజమే. దొంగ సర్టిఫికెట్ ఎప్పుడు బయటపడినా అడ్మిషన్ రద్దు చేయొచ్చు. అప్పు మాత్రం రద్దు కాదు.

తర్వాత ఆయనే మొదటి ప్రశ్న కూడా అడిగాడు. "సరే, ఇస్తే వెళ్తావా? లెక్క వేశావా?"

వేయలేదు. నోట్‌బుక్ తీసి కూర్చున్నాం. అడ్మిట్ వచ్చిన చోటుకన్నా ఇక్కడ రెండేళ్లకు తొమ్మిది లక్షలు ఎక్కువ. లిస్ట్ కదిలేసరికి స్కాలర్‌షిప్ డబ్బు మిగలకపోవచ్చు. అమ్మ చీటీ డబ్బు, నా మొదటి రెండేళ్ల జీతం అంచనా, అన్నీ రాసుకున్నాం. మూడో రోజు రాత్రి నాన్న పెన్ను కింద పెట్టి, "రాసెయ్, వస్తానని" అన్నాడు.

అప్పుడు రాశా అసలు లెటర్. పన్నెండు లైన్లు. సీటిస్తే తప్పకుండా చేరతానని మొదటి లైన్‌లోనే చెప్పా. కొత్తగా వచ్చిన ఏడో సెమిస్టర్ మార్కులు, ఫైనలియర్ ప్రాజెక్టులో పూర్తయిన భాగం, ఆ యూనివర్సిటీలో ఏ ల్యాబ్ పని దానికి దగ్గరగా ఉందో రాశా. లోన్ మంజూరైంది, పాస్‌పోర్ట్ సిద్ధం అని ముగించా. పొగడ్తలు లేవు, బతిమాలడం లేదు. పంపాక ఇక ఒక్క మెయిల్ కూడా పెట్టలేదు. అదే అన్నిటికన్నా కష్టమైంది.

ఏప్రిల్ 15 వచ్చింది. లిస్ట్ కదల్లేదు. అడ్మిట్ వచ్చిన రెండో చోట 500 డాలర్ల డిపాజిట్ కట్టాం. దాదాపు 35 వేలు, తిరిగిరాదని తెలిసే. చేతిలో ఉన్న సీటు వదిలేసి లిస్టు కోసం ఎదురుచూడటం ధైర్యం కాదు, జూదం.

మే మూడో వారంలో తెల్లవారుజామున మెయిల్ వచ్చింది. సీటుంది, వారంలో చెప్పండి అని. మేం అరగంటలో చెప్పేశాం. లెక్క ముందే అయిపోయింది కదా! ఐ-20, వీసా స్లాట్ కోసం పరుగులు మాత్రం తప్పలేదు.

లెటర్ రాస్తే సీటొస్తుందని చెప్పట్లేదు. నాకన్నా మంచి మార్కులున్న నా క్లాస్‌మేట్‌ను వేరే యూనివర్సిటీ లిస్టులో చివరిదాకా పిలవలేదు. ఆ ఏడు ఎంతమంది వద్దంటారో మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నది ఫారం టైముకు నింపడం, నిజంగా కొత్త విషయం ఉంటే ఒకసారి చెప్పడం, "వస్తాను" అని రాసే ముందు ఇంట్లో ఆ మాట నిజం చేసుకోవడం.

ఆ రోజే డిపాజిట్ కట్టిన చోటికి కూడా సీటు వదులుకుంటున్నానని మెయిల్ పెట్టా. 35 వేలు పోయాయి. కానీ అక్కడా ఓ లిస్ట్ ఉంటుందిగా. ఎవరింట్లోనో ఒక నాన్న "నంబరెంత?" అని అడుగుతూ ఉండొచ్చు.