సూత్రము వచ్చును, కారణమో?

సూత్రమును కంఠస్థము చేయుట వేఱు, దాని కారణము నెఱుఁగుట వేఱు. ఈ భేదము మా పొరపాటు వలననే మాకుఁ దెలిసివచ్చినది.

పొరుగింటి పిన్నిగారు వితంతువు. కష్టపడి కూడఁబెట్టిన సొమ్ముతో నింటిస్థలము కొనఁబోవుచుఁ గొలతల కాగితమును మాకుఁ జూపిరి. పొడవు 40 గజములు, ప్రక్కభుజము 25 గజములు. ఎదురెదురు భుజములు సమానములే. అమ్మువారు రెంటిని గుణించి 1000 చదరపు గజములని వ్రాసిరి. మేమును గుణించి చూచి, “సరిగానే యున్నది, పిన్నిగారూ” అంటిమి.

ఆ సాయంకాలము నవారు విప్పిన మంచమును మా చిన్నది ప్రక్కకుఁ ద్రోసి యాడుకొనుచుండెను. బిగువు సడలిన పట్టెలు ఏటవాలుగా ఒఱగినవి. “అమ్మా, పట్టెల పొడవు తగ్గలేదు గదా, లోపలి చోటెందుకు తగ్గినది?” అని యడిగెను. మా గుండె జల్లుమన్నది. ఆ స్థలము పటమును నట్లే యొఱిగి యుండెను!

సోదరీమణులారా, గుణకారమున నేమున్నదో చూడుఁడు. వాకిట వరుసకు 6 చొప్పున 4 వరుసల గళ్లముగ్గు వేసినచో 24 గళ్లగును. వైశాల్యమనఁగా నీ గళ్ల లెక్కయే. కాని మూలలు నిలువుగా నున్నప్పుడే భుజముల గుణకారము చెల్లును. ఒఱగిన క్షేత్రమున నొక కొస త్రికోణమును గత్తిరించి రెండవ కొసకుఁ జేర్చినచో చక్కని దీర్ఘచతురస్ర మగును. దాని వెడల్పు ఏటవాలు భుజము గాదు, లంబము. మఱునాఁడు తాడు పట్టి కొలిపింపఁగా లంబము 20 గజములే! స్థలము 800 చదరపు గజములు మాత్రమే. లేని 200 గజములకు వెల చెల్లింపవలసి యుండెను.

త్రిభుజమునకు సగమేల? కాగితముతో నొకే రీతి త్రిభుజములు రెండు కత్తిరించి, ఒకదానిని దలక్రిందుగాఁ ద్రిప్పి జతపఱుపుఁడు. ఒఱగిన చతుర్భుజ మగును. అందు సగమే గదా మన త్రిభుజము! భూమిలో సగమును లంబముచే గుణింపుమని ఆర్యభటుఁడు 499లోనే చెప్పెను.

వృత్తమునకును నుపాయము గలదు. విస్తరంత కాగితమును గేంద్రమునుండి 16 ముక్కలుగాఁ గోసి, ఒకటి మొన పైకి, ఒకటి మొన క్రిందికి నుండునట్లు పేర్పుఁడు. ముక్కలు సన్ననైన కొలఁది నది దీర్ఘచతురస్రమునకు దగ్గఱ యగును. పొడవు పరిధిలో సగము, వెడల్పు వ్యాసార్ధము. వ్యాసార్ధము 7 అంగుళములైన సగము పరిధి ఇంచుమించు 22, వైశాల్యము 154 చదరపు అంగుళములు. లీలావతికి 1545లో గణేశదైవజ్ఞుఁడు వ్రాసిన బుద్ధివిలాసిని యను వ్యాఖ్యలో నీ యుపపత్తియే యున్నది. మహావీరాచార్యుని గణితమును బావులూరి మల్లన ఏనాఁడో తెనిఁగించెను. కావున నీ విద్య మన భాషకుఁ గ్రొత్తది గాదు.

అమ్మువారు మొదట గొణిగిరి. కాగితమును గత్తిరించి చూపఁగా మాఱు పలుకలేక 800 గజములకే దస్తావేజు వ్రాసిరి. పిన్నిగారు మాకుఁ గృతజ్ఞత చెప్పఁబోఁగా, మేము సిగ్గుపడి చిన్నదానిని ముందునకుఁ ద్రోసితిమి. మన యింట బాలికలు “ఎందుకు?” అని యడిగినపుడు పనితొందరలోఁ గసరుకొనకుందము. ఆ ప్రశ్నయే యొకనాఁడు ఒక యింటి నేలను గాపాడవచ్చును.