ఉభయకుశలోపరి

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు లేఖారచన నేర్పినవాణ్ణి. నల్లబల్లపై "ఉభయకుశలోపరి" అని వ్రాసి, కుశల, ఉపరి కలిస్తే గుణసంధి అని చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ ఒక్క మాట చాటున ఎంత దాగగలదో మొన్న సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి వల్ల తెలిసింది.

వాడు నెట్‌వర్కు ఇంజనీరు. "అసలు నీ పనేమిట్రా?" అని అడిగితే, అటకమీది పాత మార్కాపురం పలక దించి బలపంతో గీతలు గీశాడు.

రౌటర్లంటే సమాచారానికి దారి చూపే యంత్రాలట. లింక్-స్టేట్ పద్ధతిలో ప్రతి రౌటరూ తన ఇరుగుపొరుగు ఎవరో, వారిని చేరడానికి ఎంత ఖర్చో అందరికీ చాటుతుంది. అట్లా అందరివద్దా ఒకే పటం ఏర్పడుతుంది. 1959లో డైక్‌స్ట్రా ప్రకటించిన గణితపద్ధతితో దేనికది దగ్గరిదారిని లెక్కకట్టుకుంటుంది.

"పటం మరీ పెద్దదైతే?" అన్నాను.

"ఎక్కడ తీగ తెగినా అన్నీ మళ్ళీ లెక్క వేసుకోవాలి నాన్నా. అందుకే ఓఎస్‌పీఎఫ్‌లో నెట్‌వర్కును ఏరియాలుగా విభజిస్తాం" అన్నాడు. నడుమ సున్నా ఏరియా వెన్నెముక. తక్కినవాటి నడుమ కబుర్లన్నీ దాని మీదుగానే సాగాలి. సరిహద్దు రౌటరు లోపలి పటాన్ని బయటికి పంపదు. "ఈ చిరునామాలకు నా మీదుగా రండి, ఖర్చు ఇంత" అని మాత్రమే చెబుతుంది.

సబబే అనిపించింది. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కేవానికి కంభం మీదుగా గిద్దలూరు ఎంత దూరమో తెలిస్తే చాలును. గిద్దలూరులో ఏ సందు మూసుకుపోయిందో ఎందుకు?

"ఇంకా కుదించవచ్చు. లోపలి చిరునామాలన్నింటినీ గుత్తగా ఒకే పద్దుగా చాటవచ్చు. అప్పుడు లోపల ఒకటి కూలిపోయినా, తక్కినవాటిలో ఒక్కటి నిలిచివున్నంతవరకూ ఆ పద్దు చెరిగిపోదు. బయటివారికి పెద్దగా అలజడి ఉండదు. కూలినదానికి వచ్చిన సమాచారం మాత్రం సరిహద్దు దాకా వచ్చి, అక్కడే రాలిపోతుంది" అన్నాడు.

అని, వంటింటి గడపలో నిలబడిన వాళ్ళమ్మ వైపు చూశాడు.

శ్రావణమాసంలో ఆమె తడిగచ్చుపై జారిపడి భుజం ఎముక విరుచుకొన్నది. దూరాన ఉన్నవాడిని కలతపెట్టడమెందుకని ప్రతి ఆదివారమూ "ఇక్కడ అందరమూ క్షేమం" అనే చెప్పాము. వీడియోలో కనబడకుండా ఆమె కొంగు నిండుగా కప్పుకొని కూర్చునేది. "అమ్మా, నీ చేతి అరిసెలు పంపవూ" అని వాడడిగితే, బెల్లం బాగాలేదన్నది. వాడి మాటలు మా గడప దాకా వచ్చి రాలిపోయాయి.

"యంత్రాలకు ఆ పొదుపు తప్పదు నాన్నా. మనం ముగ్గురమే కదా!" అన్నాడు.

నా వద్ద జవాబు లేకపోయింది. పలక తుడవబుద్ధి కాలేదు. గోడకు ఆనించి ఉంచాను.

నిన్న ఆదివారం వాడికి వ్రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం: "చిరంజీవికి, మీ అమ్మ చేయి ఇంకా తలదాకా లేవడం లేదు."